కేసు షీటులో ఇంటి మనుషుల గురించి రెండు ప్రశ్నలకు చోటివ్వండి: డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

డాక్టర్లకు, డాక్టర్లకు చదువు చెప్పే ప్రొఫెసర్లకు నమస్కారం.

నేను నర్సుని. సర్వీసులో ఎక్కువ భాగం డ్రెస్సింగ్ రూములోనే గడిచింది. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి, రౌండ్స్‌లో మీ వెనక నడుస్తూ అనలేకపోయిన మాట ఒకటి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీరు పేషెంటును సిగరెట్లు తాగుతారా అని అడుగుతారు. రోజుకెన్ని, ఎన్నేళ్ళ నుంచి అని కూడా అడిగి లెక్కకట్టి రాస్తారు. మందు అలవాటుందా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, నాన్నగారు ఏ వయసులో పోయారు, దేంతో పోయారు, అన్నీ అడుగుతారు. అడగాల్సిందే. కానీ "ఇంట్లో మీతో ఎవరుంటారు? వాళ్ళతో మీకు ఎలా ఉంటుంది?" అని అడిగిన డాక్టరును నేను చాలా అరుదుగా చూశాను. సైకియాట్రీ వాళ్ళ సంగతి వేరు, వాళ్ళు అడుగుతారు. నేను మాట్లాడుతున్నది గుండె, షుగర్, సర్జరీ, జనరల్ మెడిసిన్ డాక్టర్లతో. ఫలానా మనిషి మీద బెంగతో మంచం పట్టాడంటే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. మన కేసు షీటులో మాత్రం అది రాయడానికి గడి లేదు.

ఇది పెద్దావిడ చాదస్తం అనుకోకండి. మీరు నమ్మే రకం లెక్కలే చెబుతాను. కాలిఫోర్నియాలోని అలమేడా కౌంటీలో 1965లో దాదాపు ఏడు వేల మందిని మీకు పెళ్ళయిందా, స్నేహితులను, బంధువులను ఎంత తరచుగా కలుస్తారు, ఏదైనా సంఘంలో గానీ చర్చిలో గానీ ఉన్నారా అని అడిగి రాసుకున్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు అని చూశారు. లీసా బెర్క్‌మన్, లెనర్డ్ సైమ్ 1979లో అచ్చువేసిన ఫలితం ఇదీ: మనుషులతో సంబంధాలు బాగా తక్కువ ఉన్నవాళ్ళు చనిపోయే అవకాశం, ఎక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే మగవాళ్ళలో 2.3 రెట్లు, ఆడవాళ్ళలో 2.8 రెట్లు ఉంది. పొగ, మందు, బరువు, వ్యాయామం, డబ్బు, మొదట్లో ఉన్న ఆరోగ్యం, వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం అలాంటి 148 అధ్యయనాలను, అంటే మూడు లక్షల ఎనిమిది వేల పైచిలుకు మందిని, ఒకచోట పోసి చూసింది. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. సిగరెట్లు మానేస్తే కలిగే మేలుతో పోల్చదగ్గ ప్రభావం ఇది. దీన్నే పట్టుకుని ఒంటరితనం రోజుకు పదిహేను సిగరెట్లతో సమానం అని హెడ్డింగులు పెట్టేశారు. నాకు ఆ హెడ్డింగు నచ్చదు. లక్షల మంది మీద తేలిన లెక్కను ఒక్క మనిషి మీద పెట్టి భయపెట్టడం వైద్యం కాదు. కానీ లక్షల మందిని చూసే వ్యవస్థ ఆ లెక్కను అసలు పట్టించుకోకపోవడం కూడా వైద్యం కాదు కదా.

ఇక్కడ మీరొక మాట అంటారని తెలుసు. జబ్బు మనిషే నలుగురిలో తిరగలేక ఒంటరి అవుతాడు, మీరు దాన్ని తిరగేసి చెబుతున్నారు అని. సగం నిజమే, ఆ సగం గురించి కింద రాస్తాను. మిగతా సగానికి షెల్డన్ కోహెన్ చేసిన జలుబు ప్రయోగం చూడండి. 276 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. అందరికీ వైరస్ అందింది, జలుబు మాత్రం అందరికీ రాలేదు. తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, స్నేహితులు, తోటి ఉద్యోగులు, ఇరుగుపొరుగు, ఇలా ఆరు అంతకన్నా ఎక్కువ రకాల సంబంధాలు ఉన్నవాళ్ళతో పోలిస్తే, మూడో అంతకన్నా తక్కువో ఉన్నవాళ్ళకు జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లు దాటింది. 1997లో వచ్చిన పేపరు అది. ఎక్కువ మందితో తిరిగితే ఎక్కువ జలుబులు రావాలి కదా అని మనం అనుకుంటాం. ఒంటి లెక్క వేరేలా ఉంది.

నా పని పుండ్లతో కాబట్టి వాటి దగ్గరికి వస్తాను.

డ్రెస్సింగ్ రూములో ఉండే సౌకర్యం మీ ఓపీలో ఉండదు. అంటుకుపోయిన గాజుగుడ్డను లాగితే కొత్త చర్మం ఊడి వస్తుంది. సెలైన్ పోసి నానబెట్టాలి. అది నానేంతసేపు నేనూ పేషెంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే. అప్పుడు మాటలొస్తాయి. కాలి మీద పుండుతో ఒకావిడ వచ్చేది. షుగర్ అదుపులోనే ఉంది, రక్తప్రసరణ బాగానే ఉంది, పుండులో ఏ క్రిమి ఉందో కల్చర్ పరీక్షలో చూసి యాంటీబయాటిక్ ఇచ్చారు. పుండు అంచులు మాత్రం తెల్లగా, మొండిగా అలాగే ఉండేవి. ఆవిడ ఫోను మోగినప్పుడల్లా నా చేతిలో ఉన్న పాదం బిగుసుకునేది. వేళ్ళు ముడుచుకుపోయేవి. ఎవరమ్మా అంటే ఎవరూ కాదనేది. చాన్నాళ్ళకు చెప్పింది, కొడుకుతో ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేవట. ఏదైనా కావాలంటే ఆ ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదికి ఫోన్ చేసి అరుస్తాడట. నేను డాక్టరు గారికి చెప్పాను. ఆయన తలూపి యాంటీబయాటిక్ మార్చారు.

ఆ పుండు మానకపోవడానికి కొడుకే కారణమని నేను ప్రమాణం చేయను. ఒక్కరిని చూసి అలా తేల్చకూడదు. అయితే పుండు మానడాన్ని రోజులు లెక్కపెట్టి చూసినవాళ్ళు ఉన్నారు. ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో, మతిమరుపు వ్యాధి ఉన్న అయినవాళ్ళకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న ఆడవాళ్ళను, వాళ్ళ ఈడువాళ్ళే అయిన మామూలు ఆడవాళ్ళను తీసుకుని అందరికీ చేతి మీద ఒకే కొలతలో చిన్న గాటు పెట్టింది. సేవ చేసేవాళ్ళకు అది మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. 2005లో 42 మంది దంపతులతో ఇంకోటి చేశారు. చేతి మీద చిన్న పొక్కులు తెప్పించి, ఒకసారి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే మాటలు మాట్లాడించారు, ఇంకోసారి ఇద్దరికీ పడని విషయం ఎత్తించారు. పడని విషయం మాట్లాడినప్పుడు పొక్కులు ఆలస్యంగా మానాయి. మాటల్లో ద్వేషం బాగా కనిపించిన జంటల్లో మానే వేగం, సఖ్యంగా ఉన్న జంటల వేగంలో 60 శాతమే ఉంది. పుండు దగ్గర ఉండాల్సిన సైటోకైన్లు, అంటే వాపును నడిపే రసాయనాలు, తగ్గాయి, మర్నాడు ఉదయానికి రక్తంలో అనవసరంగా పెరిగాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది అదే. మరమ్మతుకు కావలసిన వాపు కావలసిన చోట లేదు. గుండెకు, రక్తనాళాలకు చెరుపు చేసే వాపు ఒళ్ళంతా ఉంది. టెన్షన్‌లో ఊరే కార్టిసాల్, అడ్రినలిన్ ఏం చేస్తాయో నేను మీకు చెప్పక్కర్లేదు. అవి ఒకపూట ఊరి తగ్గిపోతే ఫర్వాలేదు. ఇంటి తలుపు తీసిన ప్రతిసారీ ఊరుతుంటే?

ఇంకొకాయన కథ వేరు. షుగర్ పేషెంటు. మూడు నెలల సగటు షుగర్ ఒక్కసారిగా పైకి పోయింది. ఇన్సులిన్ డోసు పెంచారు. మళ్ళీ వచ్చాడు, ఇంకా పెంచారు. ఈలోపు కాలి వేలు నల్లబడి నా దగ్గరికి పంపారు. కట్టు కడుతూ ఇన్సులిన్ ఎవరు వేస్తారు బాబాయ్ అంటే, "మీ పిన్ని వేసేదమ్మా" అన్నాడు. అంతకుముందు ఏడాదే ఆవిడ పోయింది. ఆయనకు సిరంజి మీద గీతలు కనబడవు. అడిగితే చేతకానివాడినంటారని ఎవరికీ చెప్పలేదు. సీసా ఫ్రిజ్‌లో ఉంది, డోసు మాత్రం కాగితం మీద పెరుగుతూ పోయింది. మందులు సరిగ్గా వాడటానికీ ఇంట్లో మనుషులకూ ఉన్న సంబంధం మీద 122 అధ్యయనాలను కలిపి డిమాటియో 2004లో రాసిన పేపరొకటి ఉంది. అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది చేతి సాయమని అందులో తేలింది. అంటే సిరంజి నింపే మనిషి, మాత్ర గుర్తుచేసే మనిషి, ఓపీకి వెంట వచ్చే మనిషి. ఈ మాట కోసం నాకు పేపరు అవసరం లేదు, మీకోసం చెబుతున్నాను.

భార్య పోయిన మగవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పార్క్స్ బృందం, 55 ఏళ్ళు దాటాక భార్యను పోగొట్టుకున్న 4,486 మంది లెక్క తీసింది. మొదటి ఆరు నెలల్లో వాళ్ళ మరణాలు, అదే వయసులో భార్య ఉన్నవాళ్ళకంటే 40 శాతం ఎక్కువ. పెరిగిన మరణాల్లో పెద్ద వాటా గుండె జబ్బులదే. గుండె డాక్టర్లకు ఇది వింతేమీ కాదు. పెద్ద దుఃఖం తగిలి, గుండెపోటు లక్షణాలతో వచ్చి, యాంజియోగ్రామ్‌లో అడ్డు పడిన రక్తనాళం ఒక్కటీ కనిపించని పేషెంట్లను, ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్ళను, మీరు చూస్తూనే ఉంటారు. జపాన్ డాక్టర్లు 1990లో దానికి టకోట్సుబో అని పేరు పెట్టారు. పేరు పెట్టేంత స్పష్టంగా కనబడినప్పుడు ఒప్పుకుంటున్నాం. అంత నాటకీయంగా కాకుండా నెలల మీద నెమ్మదిగా జరిగేదాన్ని ఎందుకు వదిలేస్తున్నాం? ఆపరేషన్ తేదీ రాసినట్టే భార్య పోయిన తేదీ, భర్త పోయిన తేదీ కేసు షీటు మొదటి పేజీలో ఉండాలి.

ఇక్కడొక హెచ్చరిక. వివాహితుడు, అవివాహితుడు అనే గడిలో టిక్కు పెట్టి ఇదే అది అనుకోకండి. ఇంటినిండా మనుషులుండి పలకరించే దిక్కులేనివాళ్ళు నా బల్ల మీద ఎంతమంది పడుకున్నారో! ఒంటరిగా ఉంటూ హాయిగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. పొద్దున్నే వాళ్ళ ఫోను తీయకపోతే సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు, ఆ ధైర్యం చాలు. స్టాక్‌హోమ్‌లో గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన ఆడవాళ్ళను అయిదేళ్ళ పాటు గమనించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాపురంలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవాళ్ళకు గుండె సమస్య తిరగబెట్టే ప్రమాదం, ఆ ఒత్తిడి లేనివాళ్ళతో పోలిస్తే 2.9 రెట్లు. విచిత్రం ఏమిటంటే ఉద్యోగంలో ఒత్తిడికి అంత సంబంధం కనబడలేదు. మనం మాత్రం వాళ్ళకు "కొన్నాళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో రెస్టు తీసుకోమ్మా" అని చెప్పి పంపిస్తాం. ఏ ఇంట్లో రెస్టు?

అందుకే ప్రశ్న ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. మొగుడు పక్కనే నిలబడి ఉంటే మీ ఇంట్లో ఎలా ఉంటుందమ్మా అంటే ఏ ఆడదీ చెప్పదు. అత్తను పక్కన పెట్టుకుని కోడలూ చెప్పదు, కోడలు పక్కనుంటే అత్తా చెప్పదు. బరువు చూడాలనో, బీపీ చూడాలనో వెంట వచ్చినవాళ్ళను కాసేపు బయటికి పంపండి. ఇంట్లో గొడవలున్నాయా అని అడిగితే లేవండీ అనే వస్తుంది. "ఈ మందులు మీకు ఎవరు చూసి ఇస్తారు?" అని అడగండి. "అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు?" అని అడగండి. ఠక్కున పేరు చెప్పేవాళ్ళుంటారు. కిటికీ వైపు చూసేవాళ్ళుంటారు. ఆ చూసిన సంగతి రాయండి. కొట్టిన దెబ్బలేమైనా బయటపడితే అది వేరే దారి, దానికి చట్టం ఉంది, ఆసుపత్రి పద్ధతి ఉంది, దాన్ని కౌన్సెలింగ్‌తో సరిపెట్టకండి.

అడిగి మేమేం చేయగలం, స్నేహితుడిని చీటీ మీద రాసివ్వలేం కదా అంటారు. ఒప్పుకుంటాను. అమెరికాలో గుండెపోటు వచ్చిన 2,481 మందితో చేసిన ఎన్‌రిచ్డ్ అనే పెద్ద ట్రయల్ ఫలితం 2003లో వచ్చింది. దిగులుతోనో, తోడు లేకనో ఉన్నవాళ్ళను ఎంచుకుని అందులో సగం మందికి ప్రత్యేకంగా కౌన్సెలింగ్ ఇచ్చారు. దిగులు కొంత తగ్గింది, తోడు ఉందనే భావన కొంత పెరిగింది. మరణాలు, మళ్ళీ వచ్చే గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. కాబట్టి మిమ్మల్ని కౌన్సెలింగ్ చేయమనడం లేదు, దయచేసి చేయొద్దు కూడా. "నలుగురితో కలివిడిగా ఉండండి" అని చెప్పి పంపడం, ఎవరూ లేని మనిషికి గాయం మీద కారం చల్లినట్టే. ఆయన తప్పు వల్లే జబ్బు వచ్చిందన్నట్టు వినబడుతుంది.

నేనడిగేది, తెలుసుకుని వైద్యాన్ని దానికి తగ్గట్టు మార్చమని. సిరంజి గీతలు కనబడని మనిషికి, నింపిపెట్టే మనిషీ లేనప్పుడు, డోసు పెంచకుండా క్లిక్కులు వినబడే ఇన్సులిన్ పెన్ను ఇవ్వండి, మూడు పూటల మందును వీలైతే ఒక పూటకు కుదించండి. ఎవరూ లేనివాళ్ళకు డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టి దణ్ణం పెట్టకుండా, రెండోరోజు వార్డు నుంచి ఒక ఫోన్ చేయించండి. సోషల్ వర్కర్ ఉన్న చోట వాళ్ళకు కేసు అప్పగించండి. ఇంగ్లండులో 2019 నుంచి డాక్టర్ల దగ్గరే ఈ పనికి జీతమిచ్చి మనుషులను పెట్టారు. డాక్టరు పేషెంటు పేరు రాసి పంపితే వాళ్ళు ఆ పేషెంటుతో కూర్చుని, ఏ బృందంలో చేరతారు, ఏ సాయం కావాలి అని చూస్తారు. మనిషికి ఒంటరితనం మందులతో తగ్గదని అక్కడి వ్యవస్థ ఒప్పుకుంది, అంతవరకు మంచిదే. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనానికి మంత్రులను కూడా పెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని, ఏటా 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా వేసింది. నాకు మంత్రుల మీద, నివేదికల మీద పెద్దగా నమ్మకం లేదు. కేసు షీటు మీద ఉంది. అందులో ఉన్నది మాత్రమే మర్నాడు డ్యూటీకి వచ్చినవాళ్ళకు తెలుస్తుంది.

జబ్బే మనిషిని ఒంటరి చేస్తుందన్న ఆ సగం మాట గుర్తుంది. అది మీ చేతిలో పని. చెవి వినబడని పెద్దాయన నలుగురిలో కూర్చుని, అందరూ నవ్వినప్పుడల్లా తనూ నవ్వి, కొన్నాళ్ళకు లేచి గదిలోకి వెళ్ళిపోతాడు. ఆయనకు చెవి మిషన్ రాయడం కూడా గుండె వైద్యంలో భాగమే అనుకోండి. మూత్రం ఆగక బయటికి రాని ఆడవాళ్ళు ఎంతోమంది, అడిగితే తప్ప చెప్పరు. ఇక పుండు వాసన. రొమ్ము మీద క్యాన్సర్ పుండు పడిన ఒకావిడ దగ్గరికి మనవళ్ళు రావడం మానేశారు. పిల్లలు ముక్కు మూసుకున్నది ఆవిడ చూసింది. అప్పటినుంచి తనే గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. పుండు నయమయ్యేది కాదని మనందరికీ తెలుసు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కట్టడం మొదలుపెట్టాక వాసన తగ్గింది. తలుపు తెరిచే ఉంచుతోందని కోడలు చెప్పింది. క్యాన్సర్ మీద మనం చేయగలిగింది ఏమీ లేదని అప్పటికే ఫైలులో రాసేశారు.

ఆసుపత్రి నడిపేవాళ్ళకూ ఒక మాట. డ్రెస్సింగ్ మొదలుపెట్టే ముందు పేషెంటు తాలూకు వాళ్ళను బయటికి పొమ్మనడం మన అలవాటు. 2006లో జేమ్స్ కోన్ అనే ఆయన, పెళ్ళయిన ఆడవాళ్ళను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాకు తగులుతుందని చెప్పి మెదడు చూశాడు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయం తాలూకు కదలిక తగ్గింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుంటే అంతగా తగ్గలేదు. దంపతుల మధ్య సఖ్యత ఎక్కువున్నకొద్దీ ఫలితం ఎక్కువ. మేమెంత ప్రేమగా పట్టుకున్నా మేము పరాయివాళ్ళమే. పేషెంటు ఎవరిని కావాలంటే వాళ్ళను, ఒక్కరిని, తల దగ్గర స్టూలు వేసి కూర్చోనివ్వండి. ఎవరూ వద్దంటే అదీ గౌరవించండి. రక్తం చూసి కళ్ళు తిరిగే చుట్టాలుంటారు, వాళ్ళను ఎలా చూసుకోవాలో నర్సులకు తెలుసు.

చివరికి ప్రొఫెసర్లు. హౌస్ సర్జన్లు చెడ్డవాళ్ళు కారు, మీరు అడిగేదే వాళ్ళు నేర్చుకుంటారు. బెడ్ పక్కన కేసు చెప్పేటప్పుడు పల్స్ ఎంత, గుండె చప్పుడులో తేడా ఎక్కడ వినబడింది అని మీరు నిలదీస్తారు కాబట్టే రాత్రంతా అవి బట్టీపడతారు. ఈసారి ప్రాక్టికల్ పరీక్షలో ఇంకో రెండు అడగండి: ఈయనకు ఇంట్లో మందులిచ్చేదెవరు, రాత్రి ఈయన ఫోన్ చేసేది ఎవరికి? తెలియదంటే మళ్ళీ పేషెంటు దగ్గరికి పంపండి. తెలుసుకోకుండా వస్తే మార్కులు తగ్గించండి.

ఇట్లు,
డ్రెస్సింగ్ రూములో పనిచేసి రిటైరైన ఒక నర్సు